పరుషములు – సరళములు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగు చెవికి కటువుగా నుండునని కోస్తానుండి వచ్చిన బంధువులు అనుచుందురు. మనమును నవ్వి ఊరకుందుము. ఏ ధ్వని కటువు, ఎవరి చెవికి కటువు అని అడిగినవారు తక్కువ.

కటుత్వమునకు మన వ్యాకరణముననే పేరు కలదు. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి క చ ట త ప లను పరుషములనియు, గ జ డ ద బ లను సరళములనియు పేర్కొనెను. పరుషమును పలుకునపుడు కంఠమున నాదము పుట్టదు. సరళమున నాదము తోడై ధ్వని మెత్తబడును. భేదమింతే. కాని ‘కాలి’ వేరు, ‘గాలి’ వేరు.

ఆ పరుషములనైనను మన భాష ఎట్లు నడిపించునో చూడుడు. అన్నయు తమ్ముడును కలిసిన అన్నదమ్ములు. తల్లియు తండ్రియు కలిసిన తల్లిదండ్రులు. కూరయు కాయయు కలిసిన కూరగాయలు. ఒంటరిగా నున్నపుడు పరుషము, తోడు దొరికినపుడు సరళము. సూత్రము చదువని మన అవ్వలు సైతము ఇట్లే పలుకుదురు. ఇట్టి నాలుకను కటువనుట మాకు సమ్మతము కాదు.

ఆలంకారికులు శ్రుతికటుత్వమును దోషములలో చేర్చినమాట నిజమే. అయినను అదియే రౌద్రరసమున గుణమగునని కావ్యప్రకాశమున మమ్మటుడు అంగీకరించెను. రాగిచేని గట్టుమీద నిలిచి ఆవలి చేనిలోని వానిని పిలుచు గొంతు చెవిని గుచ్చవలసినదే. మెత్తని గొంతు అంతదూరము పోదు. ఆ పిలుపును సభామందిరపు కొలతతో కొలుచుట విమర్శ యనిపించుకొనదు.

నిజమైన కాఠిన్యము మఱియొక దారిని మన యిండ్లలోనికి వచ్చుచున్నది. తమిళలిపిలో క, గ లకు ఒకే అక్షరము. ట, డ లకును, ప, బ లకును అంతే. పదాదిని, ద్విత్వమున పరుషముగా, అనునాసికము తరువాత సరళముగా పలుకుదురు. తమిళమునకు ఆ యేర్పాటు చాలును. అందు లోపమేమియు లేదు. తెలుగునకు చాలదు. ‘బిడ్డ’ అని తమిళాక్షరములతో వ్రాసిన, చదువువాడు ‘పిట్ట’ అని చదువును.

2006 నాటి తమిళ అభ్యసన చట్టము తమిళమును 1వ తరగతి మొదలు 10వ తరగతివరకు క్రమముగా తప్పనిసరి చేసినది. తమిళము నేర్చుట మేలే. మా ఫిర్యాదు దానిపై కాదు. ఇంట తెలుగక్షరము నేర్పకపోవుటపైననే. భజనపాటలను తమిళలిపిలో వ్రాసికొను పిల్లలను మేమెఱుగుదుము. ‘గురువు’ను ‘కురువు’ అని వారు పాడినపుడు ప్రక్కనున్న తాత దిద్దుచున్నాడు. ఆ తాతకు అక్షరము వచ్చును. వాని కుమారునకు మాట మాత్రమే వచ్చును. మనుమని పుస్తకమున తప్పు వినబడినను, దానిని ఏ అక్షరముతో దిద్దవలెనో చూపలేడు.