హజీరా రేవు, బరోడా రోడ్డు

సూరత్‌లో కాపురమున్న తెలుగువాళ్లింటికి సిరిసిల్ల నుంచో వరంగల్ నుంచో చుట్టాలు వచ్చారంటే రెండు కోరికలు ఖాయం. ఒకటి రింగ్‌రోడ్డు చీరల మార్కెట్. రెండోది సౌరాష్ట్రలోని సోమనాథ్, ద్వారక. మొదటిదానికి ఆటో చాలు. రెండోదానికి ఖంభాత్ అఖాతం అడ్డం. మా ఇంట్లో ఆ అడ్డం దాటించే పని ఎలాగో నా నెత్తిన పడింది. ఇప్పుడు లింబాయత్‌లో మా వీధివాళ్లు కూడా సౌరాష్ట్ర ప్రయాణమంటే ముందు నా తలుపే కొడతారు. "అన్నా, ఓడ నడుస్తున్నదా?" అని అడుగుతారు. దానికి నా జవాబు ఎప్పుడూ ఒకటే: "నడుస్తున్నది. రేపటి సంగతి రేపు."

ఆ ఓడ సూరత్ పక్కనున్న హజీరా నుంచి భావనగర్ పక్కనున్న ఘోఘాకు పోతుంది. 2020 నవంబరు 8న మొదలైంది. రోడ్డు మీద 370 కిలోమీటర్లు, పది పన్నెండు గంటలు పట్టే దారి నీళ్ల మీద తొంభై కిలోమీటర్లకు, నాలుగు గంటలకు తగ్గింది. అప్పుడు వేసిన 'వాయేజ్ సింఫనీ'లో కింది అంతస్తులో ముప్పై లారీలు, దానిపైన వంద కార్లు, ఆ పైన ఐదు వందల మంది పడతారు. సఖినేటిపల్లి రేవులో పంటు మీదో, కృష్ణ మీద మాదిపాడు దగ్గర బల్లకట్టు మీదో బండి ఎక్కించినవాళ్లకు ఇది పెద్ద పంటులాగే కనబడాలి. కానీ కనబడదు. వరదొస్తే పంటు ఆగుతుందని గోదావరి ఒడ్డున పిల్లలకు కూడా తెలుసు. ఎవరూ రేవులో నిలబడి గొడవపడరు. ఇక్కడ ఏసీ హాలు, క్యాంటీను, ఫోన్‌లో టికెట్టు చూసేసరికి ఇదీ రైలులాంటిదే అనుకుంటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

నా పద్ధతి చాలామందికి తలకిందులుగా తోస్తుంది. ముందు రోడ్డు ప్రయాణం ఖరారు చేస్తాను. ఓడ దాని మీద అదనం. భరూచ్, వడోదర (బరోడా), తారాపుర్, వటామణ్, ధోలేరా, భావనగర్: ఈ దారిన పోతే ఎన్నింటికి బయలుదేరాలి, డ్రైవరుకు ఎక్కడ విశ్రాంతి, పెద్దవాళ్లకు ఎక్కడ భోజనం అన్నవి కాగితం మీద పెడతాను. బాంద్రా నుంచి సూరత్ మీదుగా భావనగర్ పోయే రాత్రి రైలు కూడా మనసులో ఉంచుకుంటాను. ఇవన్నీ కుదిరాకే ఓడ టికెట్టు. ఓడ ఉంటే నాలుగు గంటల హాయి. లేకపోతే కాగితం తీసి బరోడా వైపు బండి తిప్పడమే. అప్పటికప్పుడు గేటు ముందు కూర్చుని ఆలోచించేవాళ్లకు కోపం తప్ప ఇంకేమీ తోచదు.

ఓడను ఆపేవి కొన్ని కంటికి కనబడతాయి. గాలి, తుపాను. రేవుల్లో మూడో నంబరు హెచ్చరిక అంటే ఏమిటో కాకినాడ, మచిలీపట్నం వార్తలు చదివే తెలుగువాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అరేబియా సముద్రాన్ని నమ్మి ముహూర్తాలు పెట్టకూడదు. 2021 మేలో తౌక్తే గుజరాత్ మీదే తీరం దాటింది. 2023 జూన్‌లో బిపర్‌జాయ్ కచ్ఛ్ వైపు వచ్చింది.

కంటికి కనబడనివి ఇంకో రకం. ఖంభాత్ అఖాతం గరాటులా లోపలికి పోయే కొద్దీ ఇరుకవుతుంది. పోటు వేళ నీరు అందులో కుక్కుకుని లేస్తుంది. భావనగర్ వైపు పోటుకూ పాటుకూ తేడా కొన్ని రోజుల్లో పది మీటర్లకు చేరుతుంది. అంటే మూడంతస్తుల మేడంత. భావనగర్ పాత రేవులో ఓడలు బురదలో కూరుకుపోకుండా నీటిని ఆపే తలుపులు పెట్టింది ఇందుకే. అలంగ్‌లో ముసలి ఓడలను విరగ్గొట్టడానికి ఒడ్డుకు ఎక్కించేదీ ఈ పోటు మీదే. అందుకే ఎవరైనా తేదీ అడిగితే నేను ముందు గోడకున్న తెలుగు క్యాలెండర్ వైపు చూస్తాను. అమావాస్య, పౌర్ణమి చుట్టుపక్కల పోటు ఉధృతం, అష్టమి దగ్గర మందకొడి. పోటు వేళ రోజుకు ముప్పావు గంట పైచిలుకు ఆలస్యమవుతూ పోతుంది. మా అబ్బాయి నవ్వుతాడు, ఫోన్‌లో పోటు పట్టిక ఉందంటాడు. ఉంది. కానీ ఫోన్ వేళ చెబుతుంది. తిథి తెలిసినవాడికి ఆ వారమంతా సముద్రం ఎలా ఉంటుందో ముందే అందుతుంది.

చుట్టాలకు ఇదంతా చెప్పడం కష్టం, చూపించడం సులువు. ఘోఘాకు దగ్గర్లో కోళియాక్ అనే ఊరుంది. అక్కడ నిష్కళంక మహాదేవ్ లింగాలు సముద్రంలో ఉంటాయి. పాటు వేళ నీరు తీస్తే బురదలో నడిచి వెళ్లి పూజ చేసి రావాలి. పోటు మొదలైతే ధ్వజస్తంభం తప్ప ఏమీ మిగలదు. ఆ గట్టున ఒక్క పూట నిలబడ్డవాళ్లు ఆ తర్వాత ఓడ వేళల మీద నన్ను విసుక్కోలేదు.

అన్నిటికన్నా మొండిది ఒండ్రు. హజీరా కంటే ముందు ఘోఘా నుంచి నర్మద ముఖద్వారంలోని దహేజ్‌కు ఓడ నడిచింది. సముద్రం మీద 31 కిలోమీటర్లే. 2012లో శంకుస్థాపన, 2017 అక్టోబరులో ప్రయాణికుల ఓడ, 2018లో వాహనాల ఓడ. 2019 సెప్టెంబరులో ఆగిపోయింది. దహేజ్ దగ్గర ఒండ్రు పేరుకుని ఓడకు కావలసిన లోతు లేకుండా పోయింది. తవ్వుతుంటే నది మళ్లీ తెచ్చి పోసింది. మ్యాపు మీద అతి దగ్గర దారి నీళ్లలో నిలబడలేదు. దూరమైనా హజీరా నిలిచింది. సూరత్‌కు ఇది కొత్త పాఠమేమీ కాదు. పదిహేడో శతాబ్దంలో పెద్ద ఓడలు తాపీ నదిలోకి రాలేక హజీరా పక్కనే ఉన్న సువాలీ దగ్గర లంగరు వేసేవి. ఈ తీరంలో రేవు ఎక్కడుండాలో చివరికి తేల్చేది ఒండ్రే.

ఓడ రద్దయినప్పుడు తిట్టుకునేవాళ్లకు నేను 'వీజళీ' సంగతి చెబుతాను. అసలు పేరు ఎస్.ఎస్. వైతరణ. కరెంటు దీపాలుండేవి కాబట్టి జనం వీజళీ అన్నారు. 1888 నవంబరులో కచ్ఛ్‌లోని మాండ్వి నుంచి బొంబాయికి బయలుదేరి, తుపానులో పోర్‌బందర్ దాటాక కనబడకుండా పోయింది. ఏడు వందలకు పైబడిన మనుషులు. శకలం కూడా దొరకలేదు. అందులో పెళ్లి బృందాలు, బొంబాయిలో మెట్రిక్ పరీక్ష రాయబోయే కుర్రాళ్లు ఉన్నారని కథనాలు చెబుతాయి. అంటే వాయిదా వేయడానికి వీల్లేని తేదీ నెత్తి మీద ఉన్నవాళ్లు. సౌరాష్ట్రలో ఆ ఓడ మీద పాట ఇప్పటికీ వినబడుతుంది. వెళ్లనని చెప్పే కెప్టెన్ నాకు గౌరవనీయుడే.

అయితే గౌరవం వేరు, సమాచారం వేరు. దేశంలో ఏ రేవైనా సరే, 'సాంకేతిక కారణాల వల్ల' అన్న ఒక్క ముక్కతో సరిపెట్టడం నాకు నచ్చదు. గాలి అయితే గాలి అనాలి, మరమ్మతు అయితే మరమ్మతు అనాలి. గాలి అయితే రేపటికి ఆశ పెట్టుకోవచ్చు. ఇంజను అయితే వారం మరిచిపోవచ్చు. కారణం తెలిస్తేనే కదా ఆగాలో తిరగాలో తేలేది. పండ్ల లారీ డ్రైవరుకు ఆ ఒక్క మాట సరుకంత విలువ.

రోడ్డునూ గుడ్డిగా నమ్మలేం. 2025 జూలై 9న వడోదర, ఆనంద్ జిల్లాల మధ్య మహీసాగర్ మీది గంభీరా వంతెన విరిగి వాహనాలు నదిలో పడ్డాయి. ఇరవై మందికి పైగా పోయారు. సౌరాష్ట్రకు దగ్గర దారిగా లారీలు వాడే వంతెన అది. ఆ తర్వాత అవి వాసద్ మీదుగా చుట్టు తిరగాల్సి వచ్చింది. నా కాగితంలోనూ దారి మార్చుకున్నాను.

దీపావళి వస్తే సూరత్ వజ్రాల కార్ఖానాలు మూతపడి భావనగర్, అమ్రేలీ వాళ్లంతా ఒక్కసారి ఊళ్లకు కదులుతారు. మనవాళ్లు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ కోసం తోసుకుంటుంటే వాళ్లు హజీరాలో వరుస కడతారు. ఆ వారంలో కారుతో అవతలికి పోవాలనుకునేవాళ్లకు ఒక మాట. టికెట్టు ముందే తీసుకోండి. కానీ పెళ్లి గానీ ఆసుపత్రి పని గానీ అటు ఒడ్డున ఉంటే ఒక రోజు ముందు దాటండి. తిరుగు ప్రయాణం రోజునే డ్యూటీ పెట్టుకోకండి. వాతావరణ శాఖ హెచ్చరిక ముందురోజు సాయంత్రం ఒకసారి, బయలుదేరే ముందు ఇంకోసారి చూడండి. బరోడా చుట్టుదారికి సరిపడా డీజిల్ పోయించుకున్నాకే హజీరా వైపు బండి తిప్పండి.