ఇరవై నాలుగు పుస్తకాలు, ఒక ప్రశ్న

మన ఇండ్లలో ఏడాదికి మూడుసార్లు కొత్త సంవత్సరం వస్తుంది. జనవరి 1న ఒకటి, ఉగాదికి ఒకటి, చిత్తిరై మొదటి తేదీన ఇరుగుపొరుగు తమిళులతో కలిసి ఇంకొకటి. మూడుసార్లూ ఏదో ఒక తీర్మానం చేసుకుంటాం. పొద్దున్నే లేవాల, లెక్కల్లో నూరు తెచ్చుకోవాల, పుస్తకాలు చదవాల. ఈ మూడో తీర్మానాన్ని గురించే ఈ వ్యాసం.

పోయిన జనవరిలో నేను నోటుపుస్తకం మొదటి పేజీలో "ఈ సంవత్సరం 24 పుస్తకాలు" అని రాసుకున్నాను. నెలకు రెండు. మార్చి ముగిసేసరికి తొమ్మిది అయిపోయినాయి. లెక్క ప్రకారం నేను ముందే ఉన్నాను. కానీ నిజం చెప్పాలంటే ఆ తొమ్మిదీ పలచటి పుస్తకాలు. గ్రంథాలయంలో లావుగా ఉన్నవాటిని పక్కకు నెట్టి, సన్నగా ఉన్నవి ఏరుకొని తెచ్చుకున్నాను.

ఒక రాత్రి మా అవ్వ అడిగింది, "అన్ని బుక్కులు చదివితివి గదా, ఒక్కదాంట్లో ఏముండాదో చెప్పు వింటాను" అని. నేను రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయినాను. తొమ్మిది పుస్తకాలకు రెండు వాక్యాలు! అవ్వ నవ్వలేదు, తిట్టలేదు. "సరేలే, పడుకో" అనింది. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

అప్పుడు ఆలోచించాను. తప్పు చదవడంలో లేదు, తీర్మానంలో ఉంది. ఎన్ని అని రాసుకున్నాను గానీ, ఎందుకు అని రాసుకోలేదు. ఆ తరువాత అంకె కొట్టేసి దాని కింద ఒక ప్రశ్న రాసుకున్నాను. "మనం ఈ ఊళ్ళకు ఎట్లా వచ్చినాము?"

ఆ ప్రశ్నతో మొదట దొరికిన పుస్తకం కి. రాజనారాయణన్ తమిళంలో రాసిన 'గోపల్ల గ్రామం'. 1976లో వచ్చిన నవల. కి.రా. కోవిల్‌పట్టి దగ్గర ఇడైచెవల్ ఊరివారు, ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టినవారు. హైస్కూలు చదువు పూర్తి చెయ్యకుండానే పెద్ద రచయిత అయినారు. తరువాత పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో పాఠం కూడా చెప్పినారు. ఈ నవలకు కొనసాగింపుగా రాసిన పుస్తకానికి 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది.

కథలో తెలుగుదేశం నుండి కొన్ని కుటుంబాలు ఒక పాలకుడికి భయపడి దక్షిణానికి పారిపోయి వస్తాయి. అడవిని కాల్చి, చదును చేసి, నల్లనేలలో ఊరు కట్టుకుంటాయి. ఈ సంగతులన్నీ నూరేండ్లు దాటిన మంగత్తాయారు అనే ముసలమ్మ చెబుతుంది.

పుస్తకం పేరు దగ్గరే నాకు ఒక విషయం తెలిసింది. తమిళంలో క, గ లకు ఒకే అక్షరం. ప, బ లకు కూడా ఒకే అక్షరం. కాబట్టి ఆ పేరును కోపల్ల అని చదవచ్చు, గోబల్ల అని కూడా చదవచ్చు. గోపల్ల అని చెప్పాల్సింది మన చెవి. ఇంట్లో తెలుగు నిలిచి ఉంటేనే ఆ చెవి ఉంటుంది.

ఈసారి పుస్తకాన్ని ఒంటరిగా చదవలేదు. రోజూ రాత్రి రెండు పేజీలు చదివి అవ్వకు తెలుగులో చెప్పేదాన్ని. కరిసల్ అనే మాట దగ్గర చిక్కుకున్నాను. తెలుగులో ఏమనాలో తోచలేదు. "రేగడ అనవే" అనింది అవ్వ. భూగోళం పాఠంలో నల్లరేగడి అని రాసి నేను మార్కులు తెచ్చుకున్నాను. అది కోవిల్‌పట్టి పక్కన అవ్వ పుట్టింటి మన్నే అని మాత్రం ఆ రోజు దాకా నాకు తట్టలేదు. మార్కు కోసం చదివిన మాట వేరు, మన కాలికి అంటిన మాట వేరు.

ఈ నవలలో నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. చెన్నాదేవి అనే అమ్మాయి అందం వల్లే వలస మొదలైందని కథ. అందరూ ఆమె గురించి మాట్లాడుతారు, ఆమె మనసులో ఏముందో నాకు సరిగా వినబడలేదు. ఇంకొకటి, భయం ఒక్కటే కారణం అన్నట్టు ఉంటుంది. ఆ పాలకుడు తురక రాజు కాబట్టి, తొందరపడి చదివితే ఒక మతం మీద కోపంగా మిగిలిపోవచ్చు. అది ఇంట్లో చెప్పుకొనే కథ, చరిత్ర మొత్తం కాదు. 14వ శతాబ్దంలో విజయనగరం సైన్యాలు మదురై దాకా వచ్చినాయి. 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడితో ఇక్కడ నాయకరాజుల పాలన మొదలైంది. సైనికులుగా వచ్చినవారు ఉన్నారు, సేద్యానికి మంచి నేల వెదుక్కుంటూ వచ్చినవారూ ఉన్నారు.

చూడండి, ఒక పుస్తకం చదివితే ఇంకో పుస్తకం కావాల్సి వచ్చింది. ఆర్. సత్యనాథ అయ్యర్ 1924లో ఇంగ్లీషులో వెలువరించిన మదురై నాయకరాజుల చరిత్ర ఉంది. విజయరంగ చొక్కనాథుడి కాలంలో సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు తెలుగు వచనంలో రాసిన 'జైమిని భారతం' ఉంది. దాదాపు 300 ఏండ్ల కిందట మన మదురై రాజ్యంలో పుట్టిన తెలుగు వచనం అది! ఇవి రెండూ నాకు ఇప్పుడు కష్టమే. అయినా పేర్లు రాసుకున్నాను.

అంకె పెట్టుకోవడం పూర్తిగా తప్పు అని నేను అనను. సోమరితనం పోవడానికి అంకె పనికి వస్తుంది. రోజుకు రెండు పేజీలు అనేది కూడా అంకెనే కదా. కానీ ఆ అంకె ఒక ప్రశ్నకు పనివాడుగా ఉండాల, యజమానిగా ఉండకూడదు.

పోయిన ఏడాది చివరికి నా లెక్క 24 కాలేదు, 13 దగ్గర ఆగింది. ఈ ఉగాదికి అంకె రాయలేదు. అవ్వకు ఇప్పుడు చూపు తగ్గుతా ఉంది, మాట మాత్రం గట్టిగానే ఉంది. అందుకని రాత్రిళ్ళు ఆమె చెప్పే మాటలు నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. రేగడ మొదటి మాట. మీరు కూడా ఈ ఏడాది ఒక ప్రశ్న రాసుకోండి. చదివినదాన్ని ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. వాళ్ళు "తరువాత ఏమైంది?" అని అడిగితే మీరు నిజంగా చదివినట్టే.