ఎండబెట్టిన సెల్లు, ఇరవై వేల అంకె

పవర్ బ్యాంకు మీద అచ్చేసిన 20,000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు) అబద్ధం కాదు, లోపలి లెక్క. లిథియం సెల్లు ఇచ్చేది 3.7 వోల్టులు, యూఎస్‌బీ తీగలో పోయేది మామూలుగా కనీసం 5. ఆ పైకెక్కించడంలో కొంత వేడిగా పోతుంది. బయటికి వచ్చేసరికి, 5 వోల్టుల దగ్గర, మిగిలేది 12,000 నుంచి 13,000. ఎంఏహెచ్ మీద ఈ కాలమ్‌కున్న పాత పగ పాఠకులకు తెలియంది కాదు. ఈ వారం దానికి ఆజ్యం పోసింది ఒక చవక డబ్బా: పైన 50,000 అంకె, ఎత్తి చూస్తే పావు కిలో. 50 ఆంపియర్ అవర్లను 3.7తో గుణిస్తే 185 వాట్ అవర్లు. మంచి లిథియం సెల్లు కూడా కిలోకు సుమారు 250 వాట్ అవర్లకు మించి దాచుకోవడం అరుదు. అంటే ఆ డబ్బాలో ఒక్క సెల్లులే ముప్పావు కిలో తూగాలి. కొనేముందు వెతకవలసింది వాట్ అవర్లు. అది రాసి లేకపోతే కిరాణా కొట్టు కాటా అయినా పనికొస్తుంది. విమానంలోకి ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లగలిగేది 100 వాట్ అవర్ల వరకే, అదీ చేతి సంచిలోనే. ఆ నిబంధన కూడా ఎంఏహెచ్‌ను ఖాతరు చేయలేదు.

తర్వాతిది ఖర్చు లెక్క. డిసెంబరులో లంబసింగి కొండ మీద నలుగురు ఒక రాత్రికి గుడారం వేస్తే, 5 వాట్ల ఎల్‌ఈడీ లాంతరు నాలుగు గంటలకు 20 వాట్ అవర్లు తీసుకుంటుంది. 5,000 ఎంఏహెచ్ ఫోను ఒకసారి నిండడానికి 19, నాలుగు ఫోన్లకు 76. ఆ చలిలో ఫ్యాను ఎవరూ అడగరు. మొత్తం నూరులోపే. అక్కడితో ఆగితే బాగుండును గానీ, ఎవరో ఒకరు సామానులో ఎలక్ట్రిక్ కెటిల్ కూడా పెడతారు. చలికి 10 డిగ్రీలకు దిగిన లీటరు నీళ్లు మరగడానికి సుమారు 100 వాట్ అవర్లు కావాలి, నష్టాలు వేరే. ఒక్క విడత టీ కోసం నాలుగు గంటలు వెలిగిన లాంతరు, నాలుగు ఫోన్లు కలిపి తాగినంత. అదే నీళ్లకు, మంటలో సగం గాలికి పోయినా, పదిహేను, ఇరవై గ్రాముల గ్యాసు సరిపోతుంది.

కెటిల్‌తో ఇంకో చిక్కుంది. అది లాగేది 1,500 వాట్లు. 300 వాట్లు మాత్రమే ఇవ్వగల బ్యాటరీ పెట్టె నిండా చార్జి ఉన్నా, కెటిల్ మీట నొక్కగానే ఆగిపోతుంది. ఎంత నిల్వ ఉందన్నది వాట్ అవర్లు, ఎంత వేగంగా లాగుతున్నారన్నది వాట్లు.

ఈ తేడా తెలుగు ఇళ్లకు కొత్త కాదు. బొమ్మ కారు ఆగిపోతే అందులోని పెన్సిల్ సెల్లులు టీవీ రిమోట్‌లోకి పోతాయి. రిమోట్ మొరాయిస్తే వీపున రెండు దెబ్బలు వేసి చూసి, ఆనక వాటిలో ఒకదాన్ని గోడ గడియారంలో వేస్తారు. అక్కడ అది ఇంకో పండగ దాకా తిరుగుతుంది. కారుకు చచ్చిన సెల్లు గడియారానికి బతికే ఉంది. సెల్లు వాడుతున్నకొద్దీ దాని లోపలి నిరోధం పెరుగుతుంది. మోటారు ఎక్కువ కరెంటు గుంజితే వోల్టేజీ కూలబడుతుంది. గడియారం మిల్లీ ఆంపియర్ కూడా అడగదు కనుక నిలబడుతుంది. పూర్వం ఊళ్లలో టార్చినే బ్యాటరీ అనేవారు. రాత్రి కరెంటు వచ్చే వేళకు మోటారు వేయడానికి పొలం గట్ల మీద పోయే రైతు చేతిలో మూడు సెల్లుల స్టీలు బ్యాటరీ ఉండేది. దీపం ఎర్రబడితే వెనక మూత తిప్పి, సెల్లులు మూడూ తీసి అరుగు మీద ఎండబెట్టేవారు. సాయంత్రానికి వెలుగు కాస్త పచ్చగా తిరిగొచ్చేది. కొత్త చార్జేమీ చేరలేదు. వేడికి లోపలి రసాయన చర్య చురుకెక్కి, నిరోధం కొంత తగ్గింది, అంతే. చదువుకున్న మనవలు నవ్విన ఆ ఎండ వైద్యంలో శాస్త్రం ఉంది.

ఇక రకాలు. ఇంట్లో ఇన్వర్టర్ కింది ట్యూబులర్ బ్యాటరీ 150 ఆంపియర్ అవర్లది అయితే యాభై కిలోలు దాటుతుంది, ఘాట్ రోడ్డు మలుపుల్లో ఒరిగితే యాసిడ్ చిందుతుంది. కారు బ్యాటరీ ఇంజను స్టార్టు చేసే క్షణంలో పెద్ద కరెంటు ఇవ్వడానికి చేసింది, పలుచని పలకలు. రాత్రంతా పిండితే తెల్లారి కారే కదలదు. లెడ్ యాసిడ్ ఏదైనా సగానికి మించి ఖాళీ చేయకూడదు. లిథియంలో పెద్ద పెట్టెలకు ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) మేలు: సులభంగా మంటలు అంటుకోదు, రెండు వేల సార్లకు పైగా చార్జి ఎక్కుతుంది. 1997లో ఆ పదార్థాన్ని లోకానికి చెప్పిన టెక్సాస్ విశ్వవిద్యాలయ పత్రంలో గుడెనఫ్ పేరుతో పాటు పాధి, నంజుండస్వామి అన్న మన దేశపు పేర్లు రెండున్నాయి. గుడెనఫ్‌కు 2019లో నోబెల్ వచ్చింది. తక్కిన రెండు పేర్లు ఇక్కడ బడి పిల్లలకు ఇప్పటికీ తెలియవు.

ఇంత దూరం వచ్చాక ఒక ఎల్‌ఎఫ్‌పీ పెట్టె కొనమని చెప్పడమే తరువాయి అనిపిస్తుంది. కానీ టీని గ్యాసుకు వదిలేస్తే పైన తేలిన లెక్క 96. ఇరవై వేల పవర్ బ్యాంకులు రెండుంటే 125 దాకా చేతికొస్తుంది. ఫోను మీద రాసే 5,000 కూడా దాదాపు అదే వోల్టేజీ లెక్కలోది కనుక, 20,000ను దానితో భాగించి, నష్టాల కింద ఒకటి తీసేస్తే మూడు ఫోన్లు. ఈ కాలమ్ ఇన్నాళ్లూ తిట్టిన అంకె, ఫోన్ల వరకు, బాగానే పనిచేస్తోంది.

పెద్ద పెట్టె నిజంగా అవసరమయ్యేది నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు సీప్యాప్ పెట్టుకునే వారికి. 30, 40 వాట్ల చొప్పున ఎనిమిది గంటలకు 240 నుంచి 320 వాట్ అవర్లు. 500 వాట్ అవర్ల పెట్టె ఉంటే నిశ్చింత. దాన్ని ఏసీ ప్లగ్గుకు కాక, యంత్రం కంపెనీవారి డీసీ తీగతో కలపాలి. పెట్టెలోని ఇన్వర్టర్ ఊరకే ఆన్‌లో ఉన్నా పది వాట్ల దాకా తింటుంది. రాత్రికి 80 వృథా. ఏసీ తప్పనిసరైతే ప్యూర్ సైన్ వేవ్ రకమే తీసుకోవాలి.

లంబసింగిలో తెల్లవారుజామున చలి సున్నాకు చేరువవుతుంది. లిథియమూ మందగిస్తుంది, దుప్పటిలో దగ్గర పెట్టుకుని పడుకుంటే తేరుకుంటుంది. సున్నా కంటే దిగువన మాత్రం చార్జి పెట్టకూడదు, లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్లు శాశ్వతంగా దెబ్బతింటుంది. అరుగు మీది ఎండ వైద్యం దీనికి చెల్లదు. కారు డాష్‌బోర్డు మీద మధ్యాహ్నం వదిలేస్తే ఆయుష్షు తరుగుతుంది. ఇంటికొచ్చాక లిథియంను సగం చార్జితో, లెడ్ యాసిడ్‌ను నిండా చార్జి చేసి దాచాలి. రెంటినీ మూడు నెలలకోసారి తీసి చూడాలి.