తాతయ్యను కవిగా చదివేదెప్పుడు?

గురుపౌర్ణమికి కైవారంలో 72 గంటలు ఆగకుండా సంగీతం సాగుతుంది. నేను వెళ్ళిన ఏడు ఒక ముసలాయన కళ్ళు మూసుకుని తాతయ్య తెలుగు కీర్తన పాడుతున్నాడు. పక్కన మనవడు పుస్తకం పట్టుకుని, తాత మరచిన మాటల్ని అందిస్తున్నాడు. పాట తెలుగు, అచ్చు కన్నడ లిపి. పాట అయ్యాక అడిగాను: "ఈ పాటలో మీకేమి నచ్చింది తాతా?"

"తాతయ్య పాటలో నచ్చేదేముంది నాయనా, దండం పెట్టుకునేదే గదా!" అన్నాడాయన.

కైవారం నారేయణ కవికి ఇన్నేళ్ళుగా మనం చేసిన పరామర్శ అంతా ఆ ఒక్క మాటలో ఉందనిపించింది.

సంప్రదాయం చెప్పే లెక్కలో ఆయన 1726లో పుట్టి, 1836లో సమాధి అయ్యారు. చింతామణి తాలూకా కైవారంలో గాజుల మలారం మోసిన మనిషి. గురువు పరదేశి స్వామి నోట్లో గులకరాయి పెట్టి, అది కలకండ అయ్యేదాకా అష్టాక్షరి జపించమన్నాడని కథ. ఆ నోటినుంచే తెలుగు, కన్నడ కీర్తనలు, కాలజ్ఞానం, తెలుగులో అమర నారేయణ శతకం వచ్చాయి.

మన ప్రాంతంలో ఆ కథ తెలియని ఇల్లు లేదు. కాలజ్ఞానం సంగతి చెప్పనే అక్కర్లేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు మా వీధిలోనూ "తాతయ్య ముందే చెప్పినాడు" అన్నారు. కానీ ఏ కీర్తన బాగుంది, ఏది పేలవం, ఎందుకు అని ఎవరూ అడగరు. కాలేజీలో నేను చదివిన సాహిత్య చరిత్రల్లో ఆయనకొక అధ్యాయం కనబడలేదు. అక్కడివారికి ఆయన ఎల్లకు అవతలివాడు, ఇక్కడివారికి దేవుడు. రెండు చోట్లా కవి కాలేదు.

వేమన సంగతి చూడండి. ఆయన పద్యాలను బ్రౌన్ సేకరించి 1829లో అచ్చు వేశాడు. మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు 1928లో ఆ పద్యాల మంచిచెడ్డలు తూచారు. తాతయ్య సమకాలికుడే అయిన త్యాగరాజు (1767–1847) కృతులను వాలాజాపేట శిష్యులు రాసి దాచారు. తాతయ్యకు మిగిలింది భజన బృందం. బృందం మారితే వరస మారుతుంది, ఒక్కోచోట మాటా మారుతుంది.

భక్తులు మన్నిస్తే నా మదింపు చెబుతాను. నాడులు, చక్రాలు, నాదబిందువులు వరుసగా వచ్చే యోగ కీర్తనలు గురుముఖం లేనివారికి అందవు. పరిభాష బరువుకు పాట కుంగిపోతుంది. అదే కవి వీధిలో నిలబడి దొంగ గురువును నిలదీసేటప్పుడు, తన మనసును తానే తిట్టుకునేటప్పుడు మాట సూటిగా తగులుతుంది. గడప గడపకూ తిరిగి బేరమాడినవాడి నోటి తెలుగు అది. కన్నడ పాటల్లోనూ ఆ నోరే వినబడుతుంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవగలిగినవారు బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురాల్లో ఉన్న మనమే. హైదరాబాదులోనో ధార్వాడలోనో కూర్చున్న పండితుడికి ఒక చెవే పనిచేస్తుంది.

లిపి మారినందుకు నేను బెంగపడటం లేదు. కన్నడ అక్షరాల్లో తెలుగు పాట హాయిగానే బతుకుతోంది, ఆ మనవడే సాక్షి. నా బెంగ వేరు. ఆ పిల్లవాడు మాటలు అందించాడు గాని, వాటి అర్థం అడిగితే తాత ముఖం చూశాడు. పాఠాంతరాలు సరిచూసి, మన పల్లె మాటలకు అర్థాలు రాసి, రెండు లిపుల్లో ఒక మంచి పుస్తకం వాడి చేతికివ్వాలి. పెద్దలు పాడుతున్న రోజుల్లోనే ఆ పని జరగాలి. దండం పెట్టడం మనకు బాగా వచ్చు. దండం పెట్టిన చేత్తోనే పెన్సిలు పట్టి, పాట పక్కన ఒక గీత గీయడం నేర్చుకోవాలి.