మూడున్నర సెకండ్ల గగనయానము

స్వహస్తములతో విమానమును నిర్మించుకొని, దానినే యెక్కి యెగురగోరు వారిని గూర్చి చదువునపుడెల్ల నాకు 1903 డిసెంబరు 17 కన్న నా నెల 14వ తేదీయే ముందుగ స్ఫురించును. చరిత్రకారులు మొదటిదానికి తొలి విమానయాన దినమని పట్టము గట్టి రెండవదాని నొక్క వాక్యములో దాటిపోవుదురు.

డేటన్ నగరమున సైకిళ్లు చేసి యమ్ముకొను రైటు సోదరులు విల్బరు, ఆర్విల్, స్ప్రూసు కొయ్యతోను మస్లిను గుడ్డతోను కట్టి, తమ దుకాణపు పనివాడు చార్లీ టేలరు చేసిన యింజను నమర్చిన యంత్రమును ఉత్తర కరోలినా తీరమున కిల్ డెవిల్ ఇసుకకొండ వాలుపై నిలిపి, ఎవరు ముందెక్కవలెనో తేల్చుటకు బొమ్మా బొరుసా వేసిరి. విల్బరు గెలిచెను. సమీపపు ప్రాణరక్షక కేంద్రమునుండి సాయము వచ్చినవారి వెంట నున్న యిద్దరు బాలురు ఇంజను మ్రోత వినగనే కుక్కతో సహా పరుగెత్తిపోయిరి. వారి వివేకమును నేను తప్పుపట్టను. పట్టాపై నలువది అడుగుల లోపలనే విమానము లేచినది గాని, విల్బరు ముక్కును ఎత్తి దింపు ముందుభాగపు ఎలివేటరును మితిమీరి పైకి త్రిప్పుటచే ముక్కు నిక్కి, పదునైదడుగుల యెత్తున వేగము సన్నగిల్లి, రెక్కల నంటి ప్రవహింపవలసిన గాలి విడివడి, భారము మోయు శక్తి వానికి తప్పి, ఎడమ రెక్క యిసుకను తాకగా యంత్రము గిఱ్ఱున దిరిగి కూలబడెను. పోయిన దూరము 105 అడుగులు. ఆర్విల్ స్టాపువాచిలో మూడున్నర సెకండ్లు. చోదకులు స్టాల్ అను నీ విపత్తు చాలినంత యెత్తున సంభవించినచో ముక్కు దించి వేగము కూర్చుకొనవచ్చును. నేలకు పదునైదడుగులపైన నట్టి వెసులుబాటేది?

ఆ యెలివేటరు సోదరుల చేతిపనియే. దాని కొలతలు విల్బరునకు తెలిసినవే. అయినను ఇంజను లేని గ్లైడర్లపై నలవడిన చేయి ఇంజను దాల్చిన యంత్రమునకు చాలలేదు. బొబ్బిలిలో పనసకొయ్యను తొలిచి వీణ చేయువాడు రాగ మాలపింపలేకున్న నెవరును నవ్వరు. శ్రుతి తప్పినంతమాత్రమున నాతని ప్రాణమునకు ముప్పును రాదు. విమానము కట్టినవాని కా సదుపాయము లేదు. అమెరికాలో నేడు విమానము కట్టుకొను ఔత్సాహికుడు సగమునకు మించిన నిర్మాణము ఔత్సాహికుల చేతనే జరిగినదని చూపవలెను. పిదప నిర్ణీత పరీక్షాదశ ముగియువరకు ప్రయాణికులు లేకయే యెగిరి పరీక్షింపవలెను. ఈ రెండవ నిబంధనయే నాకు మిక్కిలి యర్థవంతముగ దోచును.

విల్బరు తన పతనమునకు నెపమును గాలిపై నెట్టక, ఆరంభమున తన యంచనాయే తప్పెనని యింటికి దెలిపెను. మరమ్మతు ముగిసి, 17వ తేదీన వంతు వచ్చిన ఆర్విల్ 12 సెకండ్లలో 120 అడుగులు పోయెను. నాటి నాలుగవ పర్యాయమున విల్బరు 852 అడుగు లెగిరెను. దిగునపుడు మరల నా యెలివేటరు చట్రమే విఱిగెను.