యుగవిభజన - మతవిభజన

ప్రబంధయుగం పాఠం ముగించేటప్పుడు నేను ఏళ్ల తరబడి ఒకే మాట చెబుతూ వచ్చాను: 1565లో విజయనగరం ముస్లిం సుల్తానుల చేతిలో కూలింది, తెలుగు కవిత్వం దక్షిణాదికి తరలిపోయింది. పరీక్షలో ఆ మాట రాసినవారికి మార్కులు కూడా వేశాను. ఒక సంవత్సరం తరగతిలో ఒక విద్యార్థి లేచి, "అయితే పొన్నిగంటి తెలగనార్యుడు ఏ యుగం కవి సార్?" అని అడిగాడు. అచ్చతెలుగు కావ్యాల గురించి చెప్పినప్పుడు ఆ కవి పేరు నేనే చెప్పివున్నాను. కాని నల్లబల్ల మీద నేను రాసిన యుగాల పట్టికలో అతనికి చోటు చూపలేకపోయాను. ఆ ప్రశ్నకు జవాబు వెదకబోతే, లోపం నా జ్ఞాపకంలో కాక పట్టికలోనే వున్నదని తేలింది. ఆ సంగతి సాటి అధ్యాపకులతోనూ, విద్యార్థులతోనూ ముచ్చటించడానికే ఈ వ్యాసం.

భారతదేశ చరిత్రను హిందూయుగం, ముస్లిం యుగం, బ్రిటిష్ యుగం అని మూడు భాగాలు చేసి చూపినవాడు జేమ్స్ మిల్. ఆయన రాసిన బ్రిటిషిండియా చరిత్ర 1817లో వెలువడింది. ఆయన ఈ దేశంలో అడుగు పెట్టలేదు. ఇక్కడి భాషలు ఆయనకు రావు. ఈ విభజనలో గమనించవలసిన విషయం ఒకటుంది. మొదటి రెండు యుగాలకూ మతం పేరు పెట్టి, మూడోదానికి మాత్రం క్రైస్తవయుగం అనలేదు. మీరు మతాలతో కొట్టుకునే జనం, మేము మధ్యవర్తులం అనే వలస పాలకుల వాదం ఆ పేర్లలోనే ఇమిడివుంది. 1947లో పాలకుణ్ని సాగనంపాం గాని ఆయన గీసిన పట్టికను మాత్రం బడిలోనే వుంచుకున్నాం.

మన సాహిత్య చరిత్రలు ఆ పేర్లు వాడవనీ, మనకున్నవి నన్నయ యుగం, తిక్కన యుగం, రాయల యుగం, ఆ తరువాత దక్షిణాంధ్ర యుగం మాత్రమేననీ ఎవరైనా అనవచ్చు. పేర్లు వేరే, నిజమే. కాని 1565 దగ్గర మన వేలు పటం మీద ఎటు కదులుతున్నదో చూడండి. హంపీ నుంచి నేరుగా తంజావూరుకూ, మధురకూ పోతుంది. తెలుగునేలలో పెద్దభాగాన్ని ఏలుతున్న గోల్కొండ మీద అది ఆగదు. తంజావూరులో తెలుగు కావ్యం పుడితే అది యుగం. గోల్కొండలో పుడితే అధోజ్ఞాపిక. ఈ తేడాకు సాహిత్యపరమైన కారణం నాకు కనిపించలేదు. రాజు మతమే చడీచప్పుడు లేకుండా అక్కడ తీర్పరి అవుతున్నది.

గోల్కొండలో జరిగినదేమిటి? ఇబ్రహీం కుతుబ్‌షా 1550 నుంచి 1580 వరకు పాలించాడు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధరకవి "తపతీ సంవరణోపాఖ్యానము" ఆయనకు అంకితమిచ్చాడు. పొన్నిగంటి తెలగనార్యుని "యయాతి చరిత్ర"కు కృతిపతి ఆ ప్రభువు కొలువులోని అధికారి అమీన్‌ఖాన్. అచ్చతెలుగులో వచ్చిన తొలి కావ్యంగా దాన్నే చెప్పుకుంటాం. రెండు కథలూ భారతం నుంచి వచ్చినవే. కవి తన పురాణాన్ని విడవలేదు, కృతిపతి తన నమాజును విడవలేదు. సంస్కృత సమాలు లేని తెలుగులో కావ్యం రాయాలనే ప్రయోగం ఏ రాజ్యంలో తెలుగు అణగిపోయిందని మనం పాఠం చెబుతున్నామో, ఆ రాజ్యంలోనే తలపెట్టబడింది.

ఇక 1565 యుద్ధం సంగతి. ఇబ్రహీం సుల్తాను కాకముందు అన్న జంషీదుకు భయపడి పారిపోయి, ఏడేళ్లపాటు తలదాచుకున్నది విజయనగరంలో, అళియ రామరాయల దగ్గర. ఆ రామరాయలు కూడా తొలిరోజుల్లో గోల్కొండ కొలువులో పనిచేశాడని గోల్కొండ చరిత్రకారుడొకడు రాశాడు. అధికారంలోకి వచ్చాక రామరాయలు ఒక సుల్తానుతో కలిసి మరొకరిని కొట్టడమే రాజనీతిగా పెట్టుకున్నాడు. బీజాపూరు, గోల్కొండ సేనలను కలుపుకొని అహమ్మద్‌నగర్ మీదికి పోయాడు. ఈ నీతి ఎవరినీ నిలదొక్కుకోనివ్వదని గ్రహించిన తరువాతనే అహమ్మద్‌నగర్, బీజాపూరు, గోల్కొండ, బీదరు ఏకమైనాయి. విజయనగర సేనలోనూ ముస్లిం సైనికులూ, సేనానులూ వున్నారు. గెలిచిన తరువాత సుల్తానుల కొలువు చరిత్రకారులు దాన్ని మతయుద్ధంగా వర్ణించారు. ఆ మాటలను నేను దాచడం లేదు. కాని విజయోత్సవంలో పలికిన మాట యుద్ధానికి కారణం కాజాలదు. గెలిచిన సుల్తానుల ఐకమత్యం కూడా ఎంతోకాలం నిలవలేదు.

రాజుల బిరుదులు చూసినా ఇదే తోస్తుంది. విజయనగర ప్రభువులు 14వ శతాబ్ది నడుమనుంచి ధరించిన బిరుదు "హిందూరాయ సురత్రాణ". సురత్రాణుడంటే సంస్కృత వేషం వేసుకున్న సుల్తానే. హిందూరాజులలో సుల్తానునని చెప్పుకోవడం వారికి గౌరవం. కృష్ణదేవరాయల బిరుదుల్లో "యవనరాజ్య స్థాపనాచార్య" ఒకటి. యవనరాజ్యాన్ని నిలబెట్టానని చాటుకున్న రాజును యవనులపై మతయుద్ధం నడిపిన సేనానిగా ఎలా నిలబెడతాం?

అంతమాత్రాన ఆ కాలమంతా సామరస్యమేనని చెప్పడం మరో పొరపాటు. ఈ పొరపాటు మన అభ్యుదయ మిత్రులే ఎక్కువగా చేస్తుంటారు. 1323లో కాకతీయ రాజ్యం పడిపోయిన తరువాతి దుఃస్థితిని ముసునూరి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనం వర్ణిస్తుంది. అగ్రహారాలు లాక్కున్నారనీ, విగ్రహాలు పగలగొట్టారనీ, రైతుల పంట దోచుకున్నారనీ అందులో వుంది. అది నిజమైన గాయం. దాన్ని అబద్ధమని కొట్టివేస్తే మన మాట ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. అయితే ఆ శాసనం ఏ పనికోసం పుట్టిందో అడగాలి. అది ఒక బ్రాహ్మణునికి గ్రామాన్ని దానం చేసిన పత్రం. ఆ దానం చేసిన నాయకుని ప్రశస్తి. అగ్రహారం పోయిన బాధా, పంట పోయిన బాధా రెండూ అందులో వున్నాయి. చివరకు గ్రామం దక్కింది మాత్రం రైతుకు కాదు.

ఇదే ప్రశ్న మల్కిభరాముణ్నీ అడగాలి. తెలుగుమీద ప్రేమ ఒక్కటే ఆయన చేత కావ్యాలు వినిపించుకోలేదు. గోల్కొండ ఖజానాకు శిస్తు వచ్చేది తెలుగు గ్రామాలనుంచి. లెక్క రాసేవారు తెలుగు కరణాలు. కుతుబ్‌షాహీ ఫర్మానాలు ఫారసీలోనూ, తెలుగులోనూ వెలువడ్డాయి. స్థానిక పెత్తందారుల తోడు లేకుండా ఆ రాజ్యం నడవదు. కృతి స్వీకరించడం ఆ పొత్తుకు ఒక గుర్తు. తానాషా కాలానికి పొత్తు మరింత బలపడి, మాదన్న ప్రధానమంత్రి కాగలిగాడు. 1686లో అక్కన్న మాదన్నలు హత్యకు గురయ్యారు; 1687లో ఔరంగజేబు గోల్కొండను మింగేశాడు. పాదుషా ముస్లిం, సుల్తాను ముస్లిం. ముస్లిం యుగమనే పేరు ఈ ఘట్టాన్ని ఎలా వివరిస్తుందో మిల్ పట్టికను నమ్మేవారే చెప్పాలి.

రాజుల రాజకీయం ఇలా వుండగా, ప్రజల నమ్మకాలు వేరే దారిన నడిచాయి. తెలంగాణాలోనూ, రాయలసీమలోనూ పీర్ల పండుగ చేసే ఊళ్లు ఎన్నో. ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని ఊళ్లలో కూడా పీరునెత్తుకొని అలావా చుట్టూ ఆడతారు. ఏ సుల్తానూ ఫర్మానా పంపి ఈ పండుగ చేయించలేదు. రోగం, వాన, సంతానం, అప్పు - వీటికి మొక్కుకునే మనిషికి పీరు, పోచమ్మ ఇద్దరూ దగ్గరివారే. ఇక్కడ కూడా మనం మురిసిపోవలసిన పని లేదు. రాత్రి ఒకే అలావా చుట్టూ ఆడినవారు పొద్దున్నే వేర్వేరు బావులకు నీళ్లకు పోయారు. మతాల నడుమ వున్న చనువు కులాల నడుమ లేకపోయింది.

ఈ పట్టికకు అసలు పరీక్ష మన ఇటీవలి చరిత్రలోనే జరిగింది. నిజాం రాజ్యం ముస్లిం రాజ్యమని రజాకార్లు అన్నారు. అదే మాటను తిరగేసి, పోరాటమంతా హిందువులకూ ముస్లింలకూ మధ్యనేనని మరికొందరు అన్నారు. కామారెడ్డిగూడెం బందగీ ఈ ఇద్దరికీ జవాబు. ఆయన పేద ముస్లిం రైతు. భూమికోసం విసునూరు దేశముఖును ఎదిరించి 1940లో హత్యకు గురయ్యాడు. దేశముఖు హిందువు. ఆ దేశముఖుకు అండ నిజాం ప్రభుత్వం. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు 1947లో రాసిన "మా భూమి" నాటకానికి ఆ కథే మూలం. నిరంకుశత్వాన్ని ఎదిరించి రాసిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను రజాకార్లు 1948 ఆగస్టులో చంపారు. చంపినవారి మతమూ చచ్చినవాడి మతమూ ఒకటే.

ఆ తరువాతి నెలలో పోలీసు చర్య వచ్చింది. దాని వెనుకనే హైదరాబాదు సంస్థానంలోని ముస్లింల మీద దాడులు జరిగాయి. విచారణకు పంపిన పండిత సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువగా చూసినా 27,000 నుంచి 40,000 మంది ప్రాణాలు పోయాయని అంచనా కట్టింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. పాలకుని మతాన్ని ప్రజల ఖాతాలో రాస్తే చేరేది ఇక్కడికే. ఇక ఆ పాలకుని సంగతి: నిజాం 1950లో హైదరాబాదు రాజప్రముఖ్ అయ్యాడు. రాజుకు భరణం దొరికింది; రాజు మతంలో పుట్టిన పాపానికి శిక్ష కూలివాడికి పడింది.

కనుక యుగవిభజన పరీక్షల కోసం కంఠస్థం చేసే చిన్న విషయం కాదు. ఒక కావ్యాన్నో, శాసనాన్నో చదివేటప్పుడు రాజు ఏ దేవుణ్ని కొలిచాడన్న ప్రశ్నతో ఆగిపోకూడదు. ఎవరు ఇచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు, ఆ ఇచ్చినది ఎవరి చెమట - ఈ మూడూ అడగాలి. ఆ ప్రశ్నలు హంపీకీ, గోల్కొండకూ, తంజావూరుకూ సమానంగానే వర్తిస్తాయి. అలా అడిగినప్పుడు తెలగనార్యునికి తనంతట తానే చోటు దొరుకుతుంది.

ఇప్పుడు నా తరగతిలో 1565 తరువాత పటం మీద రెండు గీతలు గీస్తాను: ఒకటి తంజావూరుకు, ఒకటి గోల్కొండకు. ఆ తరువాత నల్లబల్ల మీద "రైతు" అని ఒక మాట రాసి, ఇది ఎక్కడిదని అడుగుతాను. అచ్చతెలుగు మాటేనని చాలామంది అంటారు. అది అరబ్బీ నుంచి ఫారసీ మీదుగా, శిస్తు లెక్కలతో పాటు మన భాషలోకి వచ్చింది. ఆ మాట అంటించుకున్న మనిషి అంతకుముందూ దున్నాడు, ఆ తరువాతా దున్నాడు. పంటలో భాగం పట్టుకుపోయిన దొర ఏ మతంవాడైనా అతనికి మిగిలింది తక్కువే. మన సాహిత్య చరిత్ర ఆ మనిషి దగ్గరనుంచి మొదలు కావాలి.