నాజూకు పని

సన్నగా ఉన్న అమ్మాయిని నాజూకు అంటాం. ఎండలో నాలుగడుగులు వెయ్యలేని కుర్రాణ్ణి ‘నాజూకులు పోకు’ అని కసురుతాం. ఫారసీలో పుట్టి ఉర్దూ మీదుగా మన ఇళ్లలోకి వచ్చిన ఈ మాటను పెద్దవాళ్లు పనితనానికి కూడా వాడేవారు. కంసాలి చేతిలోని గొలుసు చూసి ‘పని నాజూగ్గా ఉంది’ అంటే అంతకు మించిన మెప్పు లేదు. నాకు ఇష్టమైన అర్థం అదే.

అలాంటి పనితనం చూడాలంటే ఆత్రేయపురంలో పూతరేకు తీసే చోట కాసేపు కూర్చోండి. బోర్లించిన కుండకు పక్కన ఒక కంత ఉంటుంది. అందులోంచి ఎండు కొబ్బరాకులు తోసి మంట పెడతారు. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిని మజ్జిగంత పలచన చేసి, అందులో పల్చటి గుడ్డ ముంచి, కుండ వీపు మీద ఒక్కసారి పరిచి లాగుతారు. గుడ్డ దాటీ దాటకముందే పిండి పొర కడుతుంది, ఆరుతుంది, అంచు లేస్తుంది. ఆ అంచు అందుకుని తీసెయ్యాలి. తొందరపడితే చిరుగుతుంది, ఆలస్యమైతే మాడుతుంది. మంట ఎగదోసే తీరులోనే సగం విద్య ఉంది. రేకు తీసే ఆవిడ చూపంతా కుండ మీదే, చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది.

అప్పుడే తీసిన రేకు ఒట్టి పెళుసు. గట్టిగా పట్టుకుంటే పొడైపోతుంది. కొంచెం తడి తగిలిస్తే మెత్తబడి మడతకు వస్తుంది. నెయ్యి రాసి, బెల్లం పొడో పంచదారో చల్లి, చుట్టేది అప్పుడే. తడి ఒక్క పిసరు ఎక్కువైతే ముద్ద. పెళుసుకూ ముద్దకూ మధ్య దొరికే ఆ కాస్త వ్యవధిలో పని ముగించే వేళ్లను నేను నాజూకు వేళ్లంటాను. రోజంతా సెగ దగ్గర కాయలు కాసిన వేళ్లయినా సరే.

2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషం. కొనేవాళ్లు మాత్రం లోపల ఎంత నెయ్యి, ఎన్ని జీడిపప్పులు అనే అడుగుతారు. ఇంత పలచటి దానికి ఇంత ధరా అని బేరమాడుతుంటే నాకు కష్టంగా ఉంటుంది. రేకు ఎవరు తీశారని నేను అడుగుతాను. పొయ్యి దగ్గరికి తీసుకెళ్లి చూపించే దుకాణాలు కూడా ఉన్నాయి.